మా పిల్లల వేలిముద్రలు మాకు తిరిగివ్వండి

మాన్యులైన ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు,



నేను లింగాల ఘనపూర్ మండలంలో ఉంటాను. పొద్దున్నే పిల్లల్ని మీ బస్సు ఎక్కించి, ఆ తర్వాత పొలానికో కైకిలికో పోయే తల్లిదండ్రుల్లో ఒకడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. మీలో కొందరు తీసుకున్న నిర్ణయం మాకు మింగుడు పడటం లేదు. పిల్లల పది వేళ్ళ ముద్రలు తీసుకుని, ఆ గీతలను బట్టి వాళ్ళ స్వభావం, తెలివి, అచ్చొచ్చే చదువు, చెయ్యదగ్గ ఉద్యోగం తేల్చి రంగుల పుస్తకం వేసిస్తామనే కంపెనీలకు మీ తరగతి గదుల తలుపులు తీశారు. డీఎంఐటీ, అంటే డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్ అని దాని పేరు. ఫలానా రోజులోగా డబ్బు కట్టమని మాకు వాట్సాప్‌లో కబురు పెట్టారు. కట్టిన ఇళ్ళకు రిపోర్టులు వచ్చాయి. కట్టలేని ఇళ్ళలో పిల్లలు తమది ఏ రకమో తెలియలేదని ఏడుపు ముఖాలతో తిరిగారు.

ఆ రిపోర్టు ఒకటి మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. నాలుగో తరగతి చదివే ఒక ఆడపిల్లది. మనుషులందరూ గద్ద, నెమలి, పావురం, గుడ్లగూబ అనే నాలుగు పక్షుల్లో ఏదో ఒకటట. గద్ద అయితే పెత్తనం చేస్తుంది, నెమలి అయితే నలుగురిలో మెరుస్తుంది, పావురం అయితే చెప్పిన మాట వింటుంది, గుడ్లగూబ అయితే ఆచితూచి లెక్కలు వేస్తుంది. ఈ పిల్ల పావురమని తేల్చారు. మెదడు ఎడమ పక్క ఎంత శాతం, కుడి పక్క ఎంత శాతం పనిచేస్తుందో అంకెలు వేశారు. చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా అన్నది ఇంకో పుట. చివర ఉద్యోగాల పట్టిక. లెక్కలతో పని ఉన్న ఉద్యోగాలకు తక్కువ చుక్కలు పడ్డాయి. ఆ పిల్లను ఇప్పుడు ఎక్కాలు చదవమంటే "అది నా రకం కాదు" అంటోంది. తొమ్మిదేళ్ళ పిల్ల నోట్లో ఈ మాట పెట్టింది ఎవరు? ఎక్కాలు నేర్పమని మీకు ఫీజు కట్టిన ఆ తల్లికి మీరేం జవాబు చెప్తారు?

ఇంటి మీద గుడ్లగూబ అరిస్తే కీడని బుగులుపడే ఊళ్ళు మావి. కొడుకు గుడ్లగూబ అని కాగితం ఇంటికి పంపేముందు ఒక్కసారైనా ఆలోచించారా?

మీరు మాకు పంపిన కబురులో "శాస్త్రీయ పరీక్ష" అని రాశారు. కాబట్టి శాస్త్రం సంగతే మాట్లాడదాం. కడుపులో బిడ్డకు మూడో నెల, నాలుగో నెల ప్రాంతంలో వేళ్ళ మీద గీతలు రూపు కడతాయి. మెదడు కూడా అప్పుడే పెరుగుతుంది గనుక గీతల్లో మెదడు కనిపిస్తుందన్నది కంపెనీల వాదం. ఒకే కాలంలో పెరిగినంత మాత్రాన ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చదవగలిగితే, ఆ నెలల్లోనే మొదలయ్యే గోళ్ళను చూసి కూడా మా పిల్లల చదువు చెప్పొచ్చు. ఈ ఆశ కొత్తది కూడా కాదు. వేలిముద్రల మీద 1892లో పెద్ద పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ గాల్టన్ సరిగ్గా దీన్నే వెతికాడు. పేరున్న పెద్దమనుషుల ముద్రలు, పొలం కూలీల ముద్రలు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ ముద్రలు పక్కపక్కన పెట్టి పోల్చాడు. స్వభావానికీ గీతలకూ ముడి దొరకలేదని ఒప్పుకున్నాడు. మనుషుల్ని పుట్టుకతోనే మేలు రకం, నాసి రకం అని విడదీయాలని తపించినవాడు ఆయన. దొరికి ఉంటే అందరికంటే ఎక్కువ సంతోషించేవాడు. అంతటివాడికి దొరకనిది మీ గేటు దగ్గరికి సంచి భుజాన వేసుకుని వచ్చిన ఏజెంటుకు దొరికిందా?

వేలిముద్రల విద్యలో మన దేశం వాటా చిన్నది కాదు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు వేసిన లెక్క మీదనే ముద్రల్ని వర్గాలుగా విడదీసే పద్ధతి నిలబడింది. ఈ ముద్ర ఎవరిదో ఆ పద్ధతి చెప్తుంది. ఆ మనిషి ఎటువంటివాడో చెప్తుందని వాళ్ళెవరూ అనలేదు. వైద్యంలోనూ ఈ విద్యకు చోటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల అరచేతి గీతల్లో కొన్ని తేడాలు ఉంటాయని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. మీ రిపోర్టులో "ఏటీడీ కోణం" అని గొప్పగా అచ్చువేసిన కొలత ఆ పరిశోధనల నుంచి తెచ్చుకున్నదే. దాన్ని ఇప్పుడు ఒక పిల్ల ఎంత తొందరగా నేర్చుకుంటుందో చెప్పే కొలబద్దగా అమ్ముతున్నారు. డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశపు మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, బహిరంగంగానే చెప్పింది. ఆ పేరులో ఉన్న "బహుముఖ ప్రజ్ఞలు" హోవార్డ్ గార్డనర్ 1983లో రాసిన పుస్తకంలోవి. ఆ పుస్తకంలో ప్రజ్ఞలను వేళ్ళ మీద చదవమని ఎక్కడా లేదు. ఎడమ మెదడు మనుషులు, కుడి మెదడు మనుషులు అనేవాళ్ళు ఉన్నారా అని అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవాళ్ళు వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు చూసి, అటువంటి రకాలేవీ కనిపించలేదని 2013లో ప్రకటించారు. చూసి నేర్చే రకం, విని నేర్చే రకం అని విడదీసి చెప్తే పిల్లలు బాగా నేర్చుకుంటారనడానికి తగిన రుజువు లేదని 2008లోనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు తేల్చారు. చదువు చెప్పడం మీ వృత్తి. మా దగ్గర డబ్బు వసూలు చేసే ముందు ఇవి చదవాల్సిన బాధ్యత మీది కాదా?

ఇంకో సంగతి మా ఊళ్ళలో ఎవరినడిగినా చెప్తారు. రేషన్ దుకాణంలో వేలు పెడితే యంత్రం గుర్తుపట్టని ఆడవాళ్ళు ఎంతమందో ఉన్నారు. ఏళ్ళ తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరి, గిన్నెలు తోమి వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టడం, ఇంకో వేలు పెట్టడం, చివరికి కన్ను చూపించడమో ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పడమో చేసి బియ్యం తెచ్చుకుంటారు. మీ కంపెనీ లెక్క ప్రకారం ఆ తల్లి స్వభావం ఎక్కడికి పోయింది? ఇల్లు నడిపే ఆమె ఓర్పును, సంతలో బేరమాడే ఆమె చురుకును ఏ యంత్రం మీద చదువుతారు?

"రిపోర్టు మా పిల్లవాడి గురించి ఉన్నదున్నట్టు చెప్పింది" అని కొందరు తల్లిదండ్రులు మీతో అని ఉంటారు. మీరు దాన్నే రుజువుగా చూపిస్తారు. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన తరగతిలో 39 మందికి స్వభావ పరీక్ష పెట్టి, ఎవరికి వాళ్ళకు ఫలితాల కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత చూసుకుంటే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు బజారులో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. "మీ వాడికి శక్తి ఉంది గానీ పూర్తిగా వాడటం లేదు" అంటే ఏ తల్లి కాదంటుంది? "ప్రేమగా చెప్తే వింటాడు, గద్దిస్తే మొండికేస్తాడు" అన్నది ఈ మండలంలో ఏ పిల్లవాడికి వర్తించదు?

అయితే స్వభావాల్లో తేడాలే లేవని నేను అనడం లేదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు లేస్తూనే వీధిలోకి ఉరుకుతాడు, ఇంకొకడు గడప దగ్గర కూర్చుని ఎంతోసేపు చూస్తే గానీ అడుగు కదపడు. ఒక పిల్ల రేపటి సంచి ఈ రాత్రే సర్దుకుంటుంది. ఇంకో పిల్ల బస్సు హారన్ వినబడ్డాక రెండో చెప్పు కోసం వెతుకుతుంది. ఇవి నిజమైన తేడాలు. కొంత పుట్టుకతో వస్తాయి, కొంత పెంపకంతో, తిరిగిన చోటుతో వస్తాయి. మన పెద్దలకూ ఇది తెలుసు. ఆయుర్వేదం వాతం, పిత్తం, కఫం అంది. కానీ వైద్యుడు నాడి పట్టి, తిండి, నిద్ర, ఆకలి అడిగి, రెండేసి ప్రకృతులు కలిసి ఉన్నవాళ్ళే ఎక్కువని ఒప్పుకుని మందిస్తాడు. సత్వ రజస్ తమో గుణాలను చెప్పిన భగవద్గీత 14వ అధ్యాయమే, ఒకసారి ఒక గుణం మిగతా రెంటినీ అణచి పైకి వస్తుందని, ఇంకోసారి ఇంకొకటి వస్తుందని చెప్పింది. ఒక మనిషికి ఒకే గుణమని ముద్ర వెయ్యలేదు.

ఇక నేటి మనస్తత్వ శాస్త్రం ఏమంటోంది? అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న మాటల్ని 1921లో కార్ల్ యూంగ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన రాతల మీద ఆధారపడి కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ 16 రకాల మనుషుల పరీక్ష తయారుచేశారు. పెద్ద కంపెనీలు ఈనాటికీ దాన్ని వాడుతున్నాయి. కానీ కొన్ని వారాల తర్వాత అదే మనిషి మళ్ళీ రాస్తే చాలాసార్లు వేరే రకం వస్తోంది. అందుకే పరిశోధకులు రకాలను పక్కనపెట్టి ఐదు లక్షణాల కొలతకు వచ్చారు. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, నలుగురిలో కలిసే గుణం, సర్దుకుపోయే గుణం, మనసు తొందరగా కలత చెందడం. ఇవి అందరిలోనూ ఉంటాయి, ఎక్కువ తక్కువలే తేడా. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. వయసుతో పాటు శ్రద్ధ, సర్దుబాటు పెరుగుతాయని కూడా చూశారు. ముప్పై ఏళ్ళ మనిషిలోనే మారే దాన్ని తొమ్మిదేళ్ళ పిల్ల మీద చెరగని సిరాతో రాస్తారా?

పిల్లల స్వభావం మీద జరిగిన పనుల్లో మీరు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే భార్యాభర్తలు, ఇద్దరూ మానసిక వైద్యులే, 1956లో మొదలుపెట్టి నూటికి పైగా పిల్లల్ని చంటివయసు నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. సులువుగా సర్దుకునేవాళ్ళు నూటికి 40, నిదానంగా కలిసేవాళ్ళు 15, సముదాయించడం కష్టమైనవాళ్ళు 10 అని మూడు గుంపులు కనిపించాయి. మిగిలిన 35 మంది ఏ గుంపులోనూ చేరలేదు. ఏళ్ళ తరబడి కళ్ళతో చూసినవాళ్ళే మూడో వంతు పిల్లల్ని ఏ రకమని చెప్పలేక అలాగే వదిలేశారు. మీ యంత్రం పావుగంటలో ఒక్కరిని కూడా వదలకుండా చెప్పేస్తోంది! వాళ్ళు చెప్పిన ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. పిల్ల స్వభావం మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్నే కాదు, ఆ స్వభావానికి ఇల్లు, బడి పొసిగేలా ఉన్నాయా లేదా అన్నదే ప్రశ్న. నిదానంగా కలిసే పిల్లకు జూన్‌లో రెండు వారాలు ఎక్కువ ఇస్తే ఆగస్టుకల్లా చెయ్యెత్తి జవాబు చెప్తుంది. మొదటి రోజే నలుగురి ముందు నిలబెట్టి గద్దిస్తే ఏడాదంతా నోరు విప్పదు. ఇక్కడ మారాల్సింది ఎవరు, పిల్లా, తరగతా?

తరగతిలో నోరు విప్పని ఆ ఆడపిల్లనే బతుకమ్మ నాడు వచ్చి చూడండి. వలయంలో మొదటి పాదం తనే ఎత్తుకుంటుంది, పెద్దవాళ్ళు అందుకుంటారు. అది గద్దా, పావురమా? మా మండలం మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య గారి పేరు మీరు విని ఉంటారు. గొర్రెలు కాసే కురుమల ఇంట్లో పుట్టి, ఒగ్గు కథను ఊరి తిరునాళ్ళ నుంచి దేశమంతా వినిపించి, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని 2017లో కన్నుమూశారు. ఒగ్గు కథలో ఒకే మనిషి కథ చెప్తాడు, అదే మనిషి మల్లన్న అవుతాడు, ఎల్లమ్మ అవుతాడు, కొంగు కప్పుకుని తల్లిలా ఏడుస్తాడు, మరు నిమిషం డోలు దరువుకు వీరంగం వేస్తాడు. ఆ కథను తెల్లవార్లూ కూర్చుని విన్న ఊళ్ళు ఇవి. ఒక మనిషిలో ఎంతమంది ఉంటారో మాకు ఎవరూ రిపోర్టు వేసివ్వక్కర్లేదు. అటువంటి నేల మీద, గొర్రెల వెంట తిరిగే ఒక పిల్లవాడి వేళ్ళు చూసి "వేదిక ఎక్కే రకం కాదు" అని మీరు రాసిస్తే, ఆ తర్వాత ఆ పిల్లవాడి చేతికి డోలు ఎవరిస్తారు?

మీ ఉపాధ్యాయుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1968లో రాబర్ట్ రోజెంతాల్, లెనోర్ జాకబ్‌సన్ ఒక పుస్తకం ప్రచురించారు. ఒక బడిలో కొందరు పిల్లల పేర్లు చీటీలు తీసినట్టు ఎంచి, వీళ్ళు ఈ ఏడు బాగా ఎదుగుతారని పరీక్షలో తేలిందని టీచర్లతో చెప్పారు. ఏడాది చివర చూస్తే చిన్న తరగతుల్లో ఆ పిల్లల తెలివి పరీక్ష మార్కులు మిగతావాళ్ళకంటే ఎక్కువ పెరిగాయి. ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి, ఫలితం వాళ్ళన్నంత పెద్దది కాదన్నవాళ్ళు ఉన్నారు. కానీ టీచరు ఎలా అనుకుంటే పిల్లల వైపు అలా చూస్తారన్నది తరగతిలో కూర్చున్న ఎవరికైనా తెలుసు. పావురమని రాసి ఉన్న పిల్లను క్లాస్ లీడర్‌గా నిలబెడతారా? లెక్కలకు తక్కువ చుక్కలు పడ్డ పిల్లవాడు బోర్డు మీద తప్పు చేస్తే ఇంకోసారి చెప్తారా, "వాడి రకమే అంత" అని ముందుకు పోతారా? ఆ కాగితం సాకుగా దొరికిన రోజు నుంచి చెప్పడం మానేసిన పాఠాలకు లెక్క ఎవరు చెప్పాలి?

మీ మీద చట్టం పెట్టిన బాధ్యతలు కూడా గుర్తు చేస్తున్నాను. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లల్ని వడబోసే పరీక్షలు పెట్టకూడదు. రేపు ఈ రిపోర్టు చూసి సీటు ఇస్తే అది నేరమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలంటుంది. వాట్సాప్‌లో మేం పెట్టిన బొటనవేలి గుర్తు సమ్మతి అవుతుందా? ఆ పది వేళ్ళ ముద్రలు ఇప్పుడు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో మీకు తెలుసా? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. అదే వేలితో రేపు బ్యాంకులో, రేషన్‌లో, ఉద్యోగంలో నిలబడాల్సిన పిల్లలకు వేలిముద్ర పోతే ఏం మార్చుకోవాలి? ఆ కంపెనీ ఒక్కో పిల్లకు మీకు ఎంత ఇచ్చింది? ఏమీ ఇవ్వలేదంటే సంతోషమే, ఆ మాట రాతపూర్వకంగా చెప్పండి.

పిల్లల ఆసక్తులు తెలుసుకోవాలన్న మీ కోరికను నేను తప్పుపట్టను. పదో తరగతి తర్వాత ఎటు పోవాలో తెలియని పిల్లల కోసం సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి "తమన్నా" అనే సహజ సామర్థ్యాల పరీక్షను తయారుచేశాయి. అందులో పాసు, ఫెయిలు లేవు. దాన్ని చూపి ఫలానా సబ్జెక్టే తీసుకోవాలని బలవంతపెట్టకూడదని కూడా అందులోనే చెప్పారు. చదవడంలో, మాటలో, మెలగడంలో నిజంగా ఇబ్బంది పడుతున్న పిల్ల కనిపిస్తే ప్రభుత్వ భవిత కేంద్రాలు ఉన్నాయి, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన సైకాలజిస్టులు ఉన్నారు, 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌వాళ్ళు మాట్లాడతారు. వీటన్నిటికంటే ముందు మీ టీచర్లు ఉన్నారు. ఒక పిల్లను ఏడాదికి రెండువందల రోజులకు పైగా చూసేది వాళ్ళే. భోజనం ఎవరి పక్కన తింటుందో, ఏ పీరియడ్‌లో కళ్ళు మెరుస్తాయో, ఏ మాటకు ముడుచుకుపోతుందో వాళ్ళకు కనిపిస్తుంది. ఒక్కో సెక్షన్‌లో పిల్లల సంఖ్య తగ్గించి, కాగితాల పని తగ్గించి, ఆ చూసింది నెలకోసారి మాతో కూర్చుని చెప్పే వ్యవధి వాళ్ళకు ఇవ్వండి. నాట్ల రోజులైనా ఒక పూట కూలి వదులుకుని వస్తాం.

మేం అడిగేది ఇది. వేలిముద్రల పరీక్ష ఈ ఏడుతో ఆపండి. ఇప్పటికే తీసినవాటిని కంపెనీతో చెరిపించి, చెరిపినట్టు రాత తీసుకుని మాకు చూపండి. కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వండి. ఆ రిపోర్టుల ఆధారంగా సెక్షన్లు మార్చి ఉంటే, లీడర్లను ఎంచి ఉంటే వాటిని రద్దు చెయ్యండి. పిల్లలకు ఆ నాలుగు పక్షుల పేర్లు నేర్పింది మీ ప్రార్థన మైదానంలోనే కాబట్టి, అదే మైదానంలో ప్రధానోపాధ్యాయులే నిలబడి ఆ కాగితంలో రాసింది నిజం కాదని వాళ్ళకు చెప్పండి. నాలుగో తరగతి పిల్లకు ఆ మాట మా నోటి నుంచి వింటే చాలదు, మీ నోటి నుంచే వినాలి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మీ జవాబు కోసం చూస్తాం. జవాబు రాకపోతే ఇదే ఉత్తరం మండల విద్యాధికారికి, జిల్లా కలెక్టర్ గారి ప్రజావాణికి మా అందరి సంతకాలతో వెళ్తుంది.

ఇట్లు,
ఒక తండ్రి,
లింగాల ఘనపూర్, జనగామ జిల్లా